బట్‌ప్లేట్ కింద ఏముంది: మూడు పాత రైఫిళ్ళ డైరీ

శనివారం, అక్టోబర్ 12

కారు బయటపెట్టి గరాజులో బల్ల వేశాను. బల్ల మీద పాత దుప్పటి, దుప్పటి మీద మూడు రైఫిళ్ళు. ఎడమవైపున స్విట్జర్లాండ్ సైన్యం వాడిన కే-31. మధ్యలో మన ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారైన త్రీనాట్‌త్రీ. కుడివైపున ఫిన్లాండ్ వాళ్ళ ఎం-39. మూడూ సైన్యాలు వాడి, పక్కనపెట్టి, అమ్మేసినవే. డాలస్ చుట్టుపక్కల జరిగే పాత ఆయుధాల ప్రదర్శనల్లో నాలుగేళ్ళలో ఒక్కొక్కటిగా కొన్నాను.

మన దేశంలో ఉండి చదివేవాళ్ళకు ఒక మాట. అక్కడ త్రీనాట్‌త్రీ మామూలు జనానికి నిషేధం. ఇక్కడ 50 ఏళ్ళు దాటిన చారిత్రక తుపాకులు కొనేందుకు సేకరణ చేసేవాళ్ళకు వేరే లైసెన్సు ఉంది. గ్రీన్‌కార్డు వచ్చాక దానికి అప్లై చేసి తీసుకున్నాను.

ఈసారి పని తుప్పు వదిలించి, కర్రకు నూనె పట్టించడం. నాకు అంతకన్నా ముఖ్యమైంది ఇంకొకటి ఉంది: ప్రతి రైఫిల్‌నూ పూర్తిగా విప్పి లోపల ఏముందో చూడటం, ఉన్నదాన్ని ఉన్నట్టే రాసిపెట్టడం. మొట్టమొదట ఒక రైఫిల్ కొన్నప్పుడు ఈ బుద్ధి లేదు. కర్ర మురికిగా ఉందని సాండ్‌పేపర్ పెట్టి రుద్దేశాను. తళతళలాడింది. కానీ మడమ మీద, అంటే భుజానికి ఆనించే వెనక భాగం మీద, ఆయుధాలు బాగుచేసే ఆర్మరర్ కొట్టిన ముద్ర, ఏ ఏడు ఏ డిపోలో రిపేరయిందో చెప్పేది, ఆ పొట్టుతో పాటే పోయింది. ఫొటో కూడా తీసుకోలేదు. ఆ రైఫిల్ చూసినప్పుడల్లా ఇప్పటికీ బాధ.

అందుకే ఈసారి సాండ్‌పేపర్ గరాజులోకి రాదు. ప్రతి స్క్రూ విప్పే ముందు ఒక ఫొటో, విప్పాక ఒక ఫొటో. లోపల దొరికిన గుడ్డపేలిక అయినా సరే, కవర్లో వేసి పేరు రాయాలి.

మూడింటి బోల్టులూ (తూటాను లోపలికి తోసి మూసే కడ్డీలు) తీసి, తూటా కూర్చునే చాంబర్లో వేలు పెట్టి చూశాను. అన్నీ ఖాళీ. తర్వాత బ్యారెల్‌లోకి టార్చ్ వేశాను. ఎం-39 గొట్టంలో వెలుతురు ఇవతలి నుంచి అవతలికి రాలేదు. మూతి నుంచి రెండు అంగుళాల లోపల గట్టిగా ఏదో అడ్డం. చెక్కపుల్లతో మెల్లగా పొడిస్తే ఎర్రమట్టి రాలింది. కందిరీగ గూడు! టెక్సాస్‌లో మట్టిగూళ్ళు కట్టే కందిరీగలు ఏ చిన్న బొక్కనూ వదలవు. గూట్లో ఎండిపోయిన చిన్న చిన్న సాలీళ్ళు, పిల్లల కోసం దాచిన మేత. ఈ రైఫిల్‌ని నాకు అమ్మినతను మొన్నమొన్నటి దాకా కాల్చానన్నాడు. గూడు చూస్తే అలా లేదు. చూసుకోకుండా ఎవరైనా అందులో తూటా పెట్టి కాల్చి ఉంటే బ్యారెల్ ఉబ్బిపోయేది, పగిలినా పగిలేది. పాత తుపాకి ఎవరి చేతి నుంచి వచ్చినా ముందు గొట్టంలోకి వెలుతురు పంపండి. మిగతావన్నీ తర్వాత.

ఆదివారం, అక్టోబర్ 13

ఈ రోజంతా కే-31కే సరిపోయింది.

ఈ రైఫిల్ గురించి కొంచెం చెప్పాలి. 1931లో స్విస్ సైన్యం తీసుకున్న మోడల్. బెర్న్‌లోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారం 1933 నుంచి 1958 దాకా 5 లక్షలకు పైగా చేసింది. దీని బోల్టును మన త్రీనాట్‌త్రీలాగా పైకి తిప్పి వెనక్కి లాగనక్కర్లేదు, నేరుగా వెనక్కి లాగితే చాలు, లోపలి భాగం దానంతటదే తిరిగి తాళం ఊడుతుంది. పనితనం గడియారంలా ఉంటుంది. కానీ బయటి కర్ర మాత్రం, అందులోనూ మడమ కింది భాగం, దాదాపు అన్నిటికీ దెబ్బలు తిని, నల్లబడి, పెచ్చులూడి ఉంటుంది. నాదీ అంతే. మంచులో, బురదలో, బూట్ల పక్కన ఏళ్ళతరబడి నిలబెట్టిన గుర్తులవి. 1940ల మధ్య దాకా వాల్‌నట్ కర్ర వాడారు, తర్వాత బీచ్ అనే చెట్టు కర్రకు మారారు. నాది బీచ్.

ఈ మడమకు వెనుకవైపు ఇనుప పలక ఉంటుంది, దాన్నే బట్‌ప్లేట్ అంటాం. రెండు స్క్రూలు. కే-31 కొన్నవాళ్ళు మొదట విప్పేది దీన్నే. కారణం ఏమిటంటే ఆ రోజుల్లో స్విట్జర్లాండ్‌లో సైనికుడు తన రైఫిల్‌ని డిపోలో అప్పగించేవాడు కాదు, ఇంటికే తీసుకెళ్ళేవాడు. రైతు, బడిపంతులు, బేకరీవాడు, ఎవరి రైఫిల్ వాళ్ళింటి బీరువాలో. శిక్షణకు పిలుపొస్తే దాంతోనే వెళ్ళాలి. పదులమంది రైఫిళ్ళు ఒకచోట కలిసిపోయినప్పుడు ఏది ఎవరిదో తెలియాలి కాబట్టి బట్‌ప్లేట్ కింద చిన్న చీటీ పెట్టుకునేవాళ్ళు. పేరు, పుట్టిన ఏడు, దళం, ఇంటి అడ్రసు. సర్వీసు అయిపోయాక రైఫిల్ తనే ఉంచుకుంటే దాని మీద పీ అనే అక్షరం కొట్టి ఇచ్చేవాళ్ళు, ప్రైవేటు సొత్తు అని గుర్తుగా. అలా ఉంచుకోనివి వెనక్కి వెళ్ళి, చివరికి ఇలా సముద్రాలు దాటాయి. నాదాని మీద పీ లేదు.

అందరి రైఫిళ్ళలోనూ చీటీ ఉండదు. తీసేసినవి ఉంటాయి, తేమకు పొడైపోయినవి ఉంటాయి. అందుకని ఆశ పెట్టుకోకుండా మొదలుపెట్టాలని అనుకున్నాను. అయినా స్క్రూడ్రైవర్ పట్టుకుంటే టెన్షన్‌గానే ఉంది.

స్క్రూ గాడికి సరిగ్గా పట్టే బ్లేడు ముఖ్యం. ఇంట్లో ఉండే స్క్రూడ్రైవర్ల బ్లేడు కొసకు పోను పోను సన్నబడుతుంది, అది గాడిలో జారి అంచులు చెక్కేస్తుంది. గన్‌స్మిత్‌లు వాడేవాటి బ్లేడు రెండు వైపులా సమానంగా ఉంటుంది. పై స్క్రూ సులువుగానే తిరిగింది. కింది స్క్రూ కదలలేదు. తుప్పు వదిలించే నూనె ఒక్క చుక్క వేసి గంట ఆగాను. ఎక్కువ వేస్తే లోపల కాగితం ఉంటే తడిసిపోతుంది. గంట తర్వాత కిర్రుమని సగం చుట్టు తిరిగింది, అక్కడి నుంచి దారికొచ్చింది.

పలకను వేళ్ళతో లాగితే రాలేదు. ఎండిన గ్రీజు బంకలాగా పట్టుకుంది. పాత ప్లాస్టిక్ కార్డు ఒకటి సందులోకి దూర్చి చుట్టూ తిప్పాను. టప్పున ఊడింది.

ఉంది.

కర్రకు అతుక్కుని, నా బొటనవేలంత వెడల్పున్న కాగితం. అంచులు బెల్లం రంగు. గ్రీజు పీల్చుకుని మధ్యలో నూనె కాగితంలా పారదర్శకంగా అయిపోయింది, అక్షరాల కింద కర్ర చారలు కనిపిస్తున్నాయి. టైప్‌రైటర్ మీద కొట్టిన అక్షరాలు. ఆ మిషన్‌లో ఒక అక్షరం పొట్ట సిరాతో నిండిపోయినట్టుంది, అది వచ్చిన ప్రతిచోటా చిన్న నల్లచుక్కలాగా పడింది. మొదటి వరసలో ఇంటిపేరు, పేరు. తర్వాత 1926. తర్వాత కాల్బలం కంపెనీ నంబరు. తర్వాత వీధి, ఊరు.

ఆ ఊరి పేరు మీద నీలం సిరాతో అడ్డంగా గీత ఉంది. దాని పక్కన, ఇరుకు స్థలంలో, చేత్తో రాసిన ఇంకో ఊరు. ఇల్లు మారాడు. ఇల్లు మారినప్పుడు బట్‌ప్లేట్ విప్పి, పాత ఊరు కొట్టేసి, కొత్త ఊరు రాసి, మళ్ళీ స్క్రూలు బిగించాడు.

చాలాసేపు బల్ల దగ్గరే కూర్చుండిపోయాను. మా ఆవిడ కాఫీ తెచ్చి, ఏమైందని అడిగితే చీటీ చూపించాను. "ఆయనకు తెలుసా ఇది ఎక్కడుందో?" అంది. ఆ పేరు ఇక్కడ రాయను. ఆయనో, ఆయన పిల్లలో బతికి ఉండొచ్చు, వాళ్ళను అడగకుండా అందరికీ చూపించే హక్కు నాకు లేదు.

చీటీని తియ్యలేదు. తీస్తే చిరిగేలా ఉంది. పక్కవాటు వెలుతురు పెట్టి పది ఫొటోలు తీసి, పైన శుభ్రమైన కాగితం కప్పి వదిలేశాను.

శనివారం, అక్టోబర్ 19

కే-31 మిగతా పని. యాక్షన్, అంటే బోల్టు, ట్రిగ్గర్ పనిచేసే ఇనుప భాగం, బ్యారెల్‌తో సహా బయటికి తీశాను. లోపల గ్రీజు తప్ప తుప్పు లేదు. కర్రను మెత్తని గుడ్డతో, కొద్దిగా మినరల్ స్పిరిట్‌తో తుడిచాను, మడమ దగ్గర మాత్రం ముట్టుకోలేదు. పెచ్చులూడిన భాగాన్ని అలాగే ఉంచుతున్నాను.

ఆఫీసులో జర్మన్ వచ్చిన సహోద్యోగి సాయంతో ఒక ఉత్తరం రాశాను. చీటీలో రెండో ఊరి పంచాయతీ ఆఫీసుకు. ఈ పేరు గల మనిషి కుటుంబం ఎవరైనా ఉంటే, వాళ్ళకు ఇష్టమైతే, ఈ ఫొటో అందించండి అని. నా అడ్రసు రాసి పోస్టు చేశాను.

శనివారం, నవంబర్ 2

ఈ రోజు నుంచి ఇషాపూర్.

దీన్ని విప్పేటప్పుడు నాయన వీడియో కాల్‌లో ఉండాలని ముందే అనుకున్నాం. నాయన 1976లో కర్నూల్లో ఆర్మ్‌డ్ రిజర్వులో కానిస్టేబుల్‌గా చేరాడు. హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాడు. సర్వీసులో సగానికి పైగా త్రీనాట్‌త్రీ భుజాన మోసిన మనిషి. ట్రెజరీ గార్డు, ఎలక్షన్ డ్యూటీ, జాతర బందోబస్తు, అన్నిటికీ అదే. చిన్నప్పుడు నేను దాన్ని దూరం నుంచి చూడటమే గానీ ముట్టుకోలేదు. ముట్టనిచ్చేవాడు కాదు.

ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర, అక్కడ పొద్దున ఏడు. నాయన స్నానం చేసి, విభూతి పెట్టుకుని, కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఫోన్‌ని రైఫిల్ వైపు తిప్పగానే, "మూతి నా దిక్కు పెట్టొద్దురా" అన్నాడు. తొమ్మిది వేల మైళ్ళ దూరంలో ఉన్నా సరే. బోల్టు తీసి చూపించాకే ముందుకు కానిచ్చాడు.

కర్ర మెడ దగ్గర, కుడివైపు లోహపు పట్టీ మీద కిరీటం, దాని కింద జీ.ఆర్.ఐ. జార్జి రాజు, చక్రవర్తి అని అర్థం వచ్చే మూడు అక్షరాలు. తర్వాత ఇషాపూర్. తర్వాత 1942. కలకత్తాకు ఎగువన, హుగ్లీ ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో ముందు తుపాకి మందు చేసేవాళ్ళు, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రైఫిల్ ఫ్యాక్టరీ వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక కిరీటం పోయి అశోకుడి సింహాలు వచ్చాయి. అలా వచ్చినా పాత కిరీటం రైఫిళ్ళను పారెయ్యలేదు. రిపేరు చేసి, ఎఫ్.ఆర్. అని ముద్ర కొట్టి మళ్ళీ పనిలో పెట్టారు. నాదానికీ ఆ ముద్ర ఉంది. పోలీసుల దగ్గరైతే ఈ రకం రైఫిళ్ళు మొన్నమొన్నటి దాకా ఉన్నాయి. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినోత్సవం నాడు వీడ్కోలు చెప్పారు.

మడమ మీద పసుపు పెయింటుతో వేసిన అంకెలు వెలిసిపోయి కనిపిస్తున్నాయి. దాని కింద ఇంకా పాతవి, తెల్లవి, గీకేసిన అంకెలు.

"బట్ నంబర్ అది," అన్నాడు నాయన. "ఆయుధాల గది, బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో రిజిస్టర్ ఉంటాది. డ్యూటీకి పొయ్యేటప్పుడు నంబర్ చెప్పి తీసుకోవల్ల, వచ్చినాక నంబర్ చూపిచ్చి అప్పజెప్పవల్ల. మన పేరు తుపాకి మీద ఉండదు. దాని నంబరే మనకుంటాది."

మడమకు వెనకాల ఇత్తడి బట్‌ప్లేట్, దానికి చిన్న తలుపు. గోటితో లాగితే తెరుచుకుంటుంది. మామూలుగా ఇందులో రెండు వస్తువులుండాలి: ఇత్తడి నూనె సీసా, బ్యారెల్ తుడిచే పుల్‌త్రూ. అమ్మేటప్పుడు చాలామంది వాటిని విడిగా అమ్ముకుంటారు, తలుపు తీస్తే ఖాళీగా ఉంటుంది. నాది ఇన్నాళ్ళూ తెరవలేదు. తలుపు చిలుము పట్టి బిగుసుకుపోయింది.

అవిసె నూనె చుక్క, చెక్కపుల్ల, పది నిమిషాలు. తెరుచుకుంది.

రెండూ ఉన్నాయి.

పుల్‌త్రూ అంటే పొడుగాటి తాడు, ఒక చివర సన్నని ఇత్తడి గుండు. గుండును చాంబర్ వైపు నుంచి వదిలితే మూతిలోంచి బయటికొస్తుంది, తాడుకున్న ఉచ్చులో గుడ్డ పెట్టి లాగితే బ్యారెల్ శుభ్రమవుతుంది. తాడు నల్లగా, తారులో ముంచినట్టుంది. ఉచ్చులో గుడ్డ ఇంకా అలాగే ఉంది! తెల్ల ఫ్లానెల్ గుడ్డ, నాలుగు వేళ్ళంత, మధ్యలో బ్యారెల్ లోపలి గాడుల గుర్తులు నల్ల చారలుగా పడి ఉన్నాయి. ఎవరో చివరిసారి బ్యారెల్ లాగి, ఆ గుడ్డను తీసి పారెయ్యకుండా అలాగే చుట్టి లోపల పెట్టేశారు.

"చిందీ!" అన్నాడు నాయన. కుర్చీలోంచి ముందుకు వంగాడు. "చిందీ తియ్యకుండా పెట్టినాడు సూడు. ఇన్‌స్పెక్షన్‌లో దొరికింటే వానికి ఎక్స్‌ట్రా డ్రిల్లే."

నూనె సీసా మూతకు లోపల చిన్న చెంచాలాంటి పుల్ల ఉంటుంది. అది సీసా అడుగున గట్టిపడిన నూనెలో ఇరుక్కుపోయింది. గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో పెడితే గంటకు కదిలింది. లోపల తేనెలాంటి జిగురు. వాసన పీల్చి చూశాను. పాత కుట్టుమిషన్ వాసన. నాయనను అడిగితే, ఫైరింగ్ రేంజ్ నుంచి వచ్చాక ముందు మరిగే నీళ్ళు బ్యారెల్‌లో పొయ్యాలని, అవి ఆరాక చిందీ, ఆ తర్వాతే నూనె అని చెప్పాడు. ఆ వరస వెనక కారణం ఉంది. పాత తూటాల అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్ కాలినప్పుడు ఉప్పు మిగులుతుంది. ఉప్పు గాల్లోని తేమను లాగి ఇనుమును తినేస్తుంది. నూనె ఉప్పును కరిగించదు, నీళ్ళే కరిగించాలి. దీని బ్యారెల్ ఎనభై ఏళ్ళ తర్వాత కూడా మెరుస్తోందంటే, ఎవరో ఆ నీళ్ళు వదలకుండా పోశారన్నమాట.

ఆదివారం, నవంబర్ 3

ఈ రోజు కర్ర విప్పాలి. ఇక్కడ ఒక ప్రమాదముంది, కొత్తవాళ్ళు తప్పక తెలుసుకోవాలి. త్రీనాట్‌త్రీ కర్ర రెండు ముక్కలు: ముందు కర్ర, వెనక మడమ. మడమను యాక్షన్‌కు పట్టి ఉంచే పొడుగు బోల్టు కొస నలుచదరంగా ఉంటుంది, అది ముందు కర్రలో ఉన్న పలక గాడిలో కూర్చుంటుంది. ముందు కర్ర తియ్యకుండా మడమ బోల్టు తిప్పితే ఆ నలుచదరం కొస ముందు కర్రను లోపలి నుంచి చీల్చేస్తుంది. ఎప్పుడైనా ముందు కర్ర, తర్వాతే మడమ. నాయన వాళ్ళకు ఈ పని తెలీదు, అది ఆర్మరర్ పని, కానిస్టేబుళ్ళు ముట్టుకోకూడదు.

మూతి దగ్గరున్న టోపీ స్క్రూలు, తర్వాత బెల్టు కొక్కెం, తర్వాత ట్రిగ్గర్ గార్డు. బ్యారెల్ మధ్యలో లోపలి పట్టీకి కింద నుంచి స్క్రూ, దానికి చిన్న స్ప్రింగ్. అది ఊడగానే ఎగిరి ఎక్కడో పడింది. అరగంట నేల మీద అయస్కాంతం జరుపుతూ వెతికాను. చివరికి వాషింగ్ మెషిన్ కింద దొరికింది. ఇకమీద ఆ స్క్రూ విప్పేటప్పుడు మొత్తం రైఫిల్‌ని పెద్ద ప్లాస్టిక్ సంచిలో పెట్టి విప్పుతాను.

ముందు కర్ర తీసి వెల్లకిలా వేశాను. బ్యారెల్ పడుకునే గాడి నిండా గోధుమరంగు గ్రీజు. గుడ్డతో కొద్దికొద్దిగా తీస్తుంటే, ట్రిగ్గర్ దగ్గర కర్రలో వేరే రంగు ముక్క బయటపడింది. గోరంత వెడల్పు, పావురం తోక ఆకారం. పాత కర్ర అక్కడ నలిగిపోతే, ఆ భాగం మాత్రమే చెక్కేసి, కొత్త కర్ర ముక్కను పావురం తోకలా కోసి, బిగించి, రెండు ఇత్తడి మేకులతో పట్టించారు. గోటితో రాస్తే అతుకు తగలట్లేదు. బయటికి ఎప్పటికీ కనిపించని చోట, ఏ అధికారీ చూడని చోట, అంత నున్నగా.

ముందు కర్రకు అడ్డంగా ఒక స్క్రూ దూసుకుపోతుంది. సేకరణ చేసేవాళ్ళు దీన్ని ఇషాపూర్ స్క్రూ అనే పిలుస్తారు. కాల్చినప్పుడు వెనక్కి తన్నే దెబ్బ ముందు కర్ర మీద పడుతుంది, అది చీలకుండా బిగించి పట్టే ఏర్పాటు. మా ఊళ్ళో ఎద్దులబండి నొగలు చీలితే ఇనుప పట్టీ వేసేవాళ్ళు కదా, ఆ ఆలోచనే.

గ్రీజు పూర్తిగా తీశాక, గాడి మధ్యలో పెన్సిల్ రాత. హిందీ అంకెల్లో 16. పక్కన ఒక అడ్డగీత, మళ్ళీ 16. ఇంకేమీ లేదు. రిపేరు చేసినప్పుడు కర్ర, బ్యారెల్ కలగలిసిపోకుండా జత కోసం వేసుకున్న అంకెలై ఉండొచ్చని నా ఊహ. పావురం తోక అతికించిన చెయ్యి, 16 రాసిన చెయ్యి ఒకటేనని నమ్మాలనిపిస్తోంది, నమ్మడానికి ఆధారం లేదు.

మడమ బోల్టు తీసేటప్పుడు బోల్టు తల మీద ఉండే తోలు బిళ్ళ బయటికొచ్చింది. సీసా లోపల గలగలమనకుండా పెట్టేది. ఇత్తడి తగిలిన వైపంతా చిలుము పట్టి పచ్చగా ఉంది. దాన్నీ కవర్లో వేశాను.

శనివారం, నవంబర్ 16

ఎం-39 పని తొందరగానే అయిపోయింది. ఫిన్లాండ్ వాళ్ళు ఈ రైఫిల్‌కు తమ అధ్యక్షుడు స్విన్‌హువూద్ ముద్దుపేరు పెట్టుకున్నారు, ఉక్కో పెక్కా అని. బ్యారెల్ వాళ్ళది, కర్ర వాళ్ళది. అసలు గుండెకాయ, అంటే బోల్టు నడిచే రిసీవర్, వాళ్ళు ఎన్నడూ తయారు చెయ్యలేదు. రష్యా రైఫిళ్ళ రిసీవర్లను తీసుకుని వాటి చుట్టూ కొత్తగా కట్టారు. అందుకని బ్యారెల్ మీద ఉండే ఏడు ఒకటి, కర్రలో దాక్కున్న రిసీవర్ తోక కింద ఉండే ఏడు ఇంకొకటి.

నాదాని బ్యారెల్ మీద 1942. అంటే నా ఇషాపూర్‌తో ఒకే ఏడు పుట్టింది. స్క్రూలు తీసి, యాక్షన్ పైకెత్తి, తోకను తిప్పి చూస్తే 1897, పక్కన తూలా కర్మాగారం సుత్తి గుర్తు. జారు చక్రవర్తి కాలంలో రష్యాలో పుట్టి, చివరికి ఆ రష్యా మీదికే గురిపెట్టిన ఇనుము. ఇంకో సంగతి: అమెరికా చట్టం ప్రకారం 1899కి ముందు చేసిన రిసీవర్ అయితే అది తుపాకి కిందికి రాదు, పురాతన వస్తువు కింద లెక్క. తోక కింద దాగిన నాలుగంకెలతో కాగితాల్లో దాని కులమే మారిపోయింది!

రిసీవర్ కింద, స్క్రూ బొక్క చుట్టూ, గోటిమందం ఇత్తడి రేకు ముక్క. గురి కుదరడానికి పెట్టిన ఎత్తు. తీసి తుడిచి, ఏ వైపు పైకుందో గుర్తుపెట్టుకుని, అలాగే పెట్టేశాను. చాలామంది ఈ రేకుల్ని చెత్త అనుకుని పారేసి, తర్వాత గురి తప్పుతోందని తల పట్టుకుంటారు.

ఆదివారం, నవంబర్ 24

తిరిగి బిగించే రోజు. స్విట్జర్లాండ్ నుంచి జవాబు రాలేదు.

కే-31 చీటీని ఉన్నచోటే ఉంచాను. దాని మీద ఆమ్లం లేని పలుచని కాగితం ఒకటి వేసి, బట్‌ప్లేట్ బిగించాను. నాలాగే ఇంకెవరో ఎప్పుడో విప్పుతారు. వాళ్ళకూ ఆ నీలం గీత కనిపించాలి.

త్రీనాట్‌త్రీ కర్రకు పచ్చి అవిసె నూనె, అరచేత్తో రుద్దుతూ, మూడు రోజుల్లో మూడు పూతలు. బయట కొత్త రంగేమీ రాలేదు, కర్ర దాహం తీరినట్టు కొంచెం ముదురెక్కింది, అంతే. పావురం తోక ముక్క మాత్రం ఎన్ని పూతలేసినా తన రంగు తనదే. తోలు బిళ్ళను దాని చోట్లో పెట్టాను. పసుపు అంకెల్ని తాకలేదు.

పుల్‌త్రూ, సీసా లోపల పెట్టేముందు నాయనకు ఫోన్ చేశాను. నాలుగు వారాలుగా మనసులో ఒక ఆలోచన తిరుగుతోంది. స్విస్ రైఫిల్లో చీటీ ఉన్నట్టే దీన్లోనూ ఒకటి పెట్టాలని. నాయన పేరు, కర్నూలు ఏ.ఆర్., చేరిన ఏడు, బట్ నంబర్. మంచి కాగితం కూడా కోసి పెట్టుకున్నాను.

"నాయనా, నీ బట్ నంబర్ గుర్తుందా?" అని అడిగాను.

"రెండు వందల పద్నాలుగు," అన్నాడు. నేను అడగడం పూర్తవకముందే. "మొదటిది. తర్వాత మార్చి డెబ్భై ఒకటి ఇచ్చినారు. డెబ్భై ఒకటికి బోల్టు కొంచెం బిగువు. 214 బాగుండె."

నలభై ఏళ్ళు దాటింది. మా అందరి పుట్టినరోజులూ అమ్మ గుర్తుచేస్తే గానీ గుర్తురావు ఆయనకు.

చీటీ సంగతి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. వెనకాల కుక్కర్ కూత వినపడుతోంది.

"వద్దులేరా," అన్నాడు. "అది నా తుపాకి గాదు. దాని మీద నంబర్ ఉండాది గదా, ఎవనిదో. చలిలోనో ఎండలోనో నిలబడింటాడు దాన్ని పట్టుకోని. వాని చిందీ దాంట్లోనే ఉండాది. నా పేరు పెడితే వాడేమైతాడు?"

"సరే నాయనా" అన్నాను.

"చిందీ మాత్రం తీసెయ్యి. తడి ఉంటే బ్యారెల్‌కు కాదు గానీ తాడు మురిగిపోతాది."

"అది పొడిగానే ఉంది నాయనా. ఎనభై ఏళ్ళ నాటిదేమో."

"అయితే ఉండనీ," అన్నాడు. "గుండు పైకి వచ్చేటట్టు చుట్టు. చీకట్లో చెయ్యి పెడితే గుండు తగలవల్ల."

ఆయన చూస్తుండగానే చుట్టాను. రెండు సార్లు తప్పు చుట్టాను, రెండు సార్లూ విప్పించాడు. మూడోసారి సరిపోయింది. తలుపు మూశాను.